మృదంగం వచ్చినవాళ్లు వరల్డ్ మ్యూజిక్ డ్రమ్మింగ్ ఎన్‌సెంబుల్‌లో చేరొచ్చా? మృదంగం పట్టుకెళ్లాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా: విజయవాడలో ఎనిమిదేళ్లు మృదంగం నేర్చుకున్నారు, ఇప్పుడు అమెరికాలో ఎం.ఎస్. చేస్తున్నారు. మీ యూనివర్సిటీలో ఘనా డ్రమ్మింగ్, జెంబే (చేత్తో వాయించే పశ్చిమాఫ్రికా డ్రమ్), బ్రెజిల్ సాంబా వాయించే వరల్డ్ మ్యూజిక్ ఎన్‌సెంబుల్, అంటే కలిసి వాయించే బృందం ఉంది. ఆడిషన్ లేదు, కానీ సెమిస్టర్ చివర కచేరీ ఉంది. చేరొచ్చా, మృదంగం పట్టుకెళ్లాలా, తెలియని వాయిద్యంతో స్టేజి ఎక్కితే తేలిపోతానా అని అడిగారు.

తప్పకుండా చేరండి. మృదంగాన్ని మాత్రం మొదటి సెమిస్టర్ ఇంట్లోనే ఉంచండి. అక్కడ ఏ చిన్న వాయిద్యం చేతికిస్తే అది తీసుకోండి. లయ పట్టి ఉంచే ఇనుప గంట ఇస్తే ఇంకా మంచిది. మీ ఎనిమిదేళ్ల సాధన బాగా పనికొస్తుంది, అయితే వాయించడానికి కంటే వినడానికి, త్వరగా పట్టుకోవడానికి. ఇక తేలిపోవడం సంగతి. గంట నిలకడగా పట్టుకున్నవాళ్లు ఏ స్టేజి మీదా తేలిపోరు.

నేను రాజమండ్రిలో మృదంగం నేర్చుకుని ఇక్కడికి వచ్చాను. చాలా ఏళ్లుగా ఇలాంటి ఎన్‌సెంబుల్‌లోనే వాయిస్తున్నాను. కొత్తగా చేరేవాళ్లకి సపోర్ట్ పార్టులు నేర్పే పని కూడా ఇప్పుడు నాదే. మన దేశం నుంచి మృదంగం, తబలా నేర్చుకుని వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఒకేచోట ఇబ్బంది పడతారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కచేరీలో మన పని ఏమిటి? పాటని అనుసరించడం, సంగతి మారితే నడక మార్చడం, ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) వాయించినట్టు ఇంకోటి వాయించకపోవడం. చివర్లో తని, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం. అదే ముక్క పదిసార్లు వాయిస్తే సరుకు అయిపోయిందంటారు. ఘనాలోని ఎవే అనే జనం సంగీతంలో మీకిచ్చేది మూడు నాలుగు దెబ్బల ముక్క. పది నిమిషాలు అదే వాయించాలి. మొదటి వారం మన చేతికి ఇది శిక్షలా అనిపిస్తుంది. ఆ ముక్కలో సంగీతం లేదనుకుంటాం. నిజానికి సంగీతం ఉండేది ఆ ముక్కకీ పక్కవాళ్ల ముక్కకీ మధ్యలో. మీరు ఒక్క దెబ్బ ఎక్కువ వేస్తే ఆ మధ్య ఖాళీ మూసుకుపోతుంది.

మీరు మొదట నేర్చుకునేది బహుశా అగ్బాజా అవుతుంది. ఘనా ఆగ్నేయంలో, వోల్టా ప్రాంతంలో ఎవే జనం పండగలకీ, అంత్యక్రియలకీ కూడా వాయించి ఆడే నృత్యం అది. గాంకోగుయి అనే ఇనుప జంట గంట, అహాట్సే అనే పూసల వల కట్టిన సొరకాయ బుర్ర, కగాను అనే సన్నటి చిన్న డ్రమ్, దాని కంటే పెద్దది కిడి, ఇంకా పెద్దది సోగో ఉంటాయి. అగ్బాజాలో లీడ్ సోగోదే. వేరే నృత్యాల్లో మనిషంత పొడవుండే అట్సిమేవుని స్టాండుకి ఆనించి పెట్టి, నిలబడి వాయిస్తారు.

ఇప్పుడు గంట పార్టు. మన భాషలోనే చెప్తాను. నాలుగు అడుగులు, తిశ్ర నడక (అడుగుకి మూడు అక్షరాలు), మొత్తం పన్నెండు అక్షరాలు. బ్రాకెట్లలో ఉన్నచోట గంట మోగుతుంది:

[త]-కి-[ట] | త-[కి]-[ట] | త-[కి]-ట | [త]-కి-[ట]

గంటకి ఏడు దెబ్బలు. అడుగు మాత్రం ప్రతి "త" మీదా పడుతుంది. చూశారా, అడుగు పడే నాలుగు చోట్లలో గంట కలిసేది రెండుచోట్లే, మొదటి "త", చివరి "త". మిగతా రెండు అడుగులూ గంట మోగని చోట పడతాయి. ఇక కగాను వాయించేవాళ్లు ప్రతి "త" వదిలేసి "కిట" మాత్రమే వేస్తారు: ‑కిట, ‑కిట, ‑కిట, ‑కిట. అదొక్కటే. మీ జీవితంలో ఇంత తేలిక పాఠం చూసి ఉండరు. గంట పక్కన కూర్చుని అయిదు నిమిషాలు వాయించి చూడండి. తెలియకుండానే "కి" మీద బరువు పెరిగి, అదే "త" అనిపించడం మొదలవుతుంది. ఇక అడుగు ఎక్కడుందో మీకే తెలియదు.

మృదంగం వచ్చినవాళ్లకి ఇక్కడ ఇంకో ఆకర్షణ ఉంది. ఆ గంటని లెక్కేస్తే 2+2+1, 2+2+2+1. అంటే ఖండం (అయిదు), మిశ్రం (ఏడు), మొత్తం పన్నెండు. మన బుర్ర వెంటనే అలా పట్టేసుకుని సంతోషిస్తుంది. లెక్క తప్పు కాదు. కానీ అలా విన్న క్షణం నుంచి నాలుగు అడుగుల మీద పట్టు పోతుంది, ఎందుకంటే ఏడు మొదలయ్యేచోట అడుగు లేదు. ఆ నృత్యం చేసేవాళ్లెవరూ దాన్ని అయిదు, ఏడుగా ఆడరు. చేతికంటే ముందు కాళ్లకి నేర్పండి. నిలబడి నాలుగు అడుగులు వేస్తూ, నోటితో గంట అంటూ, అది స్థిరపడ్డాక గంట పట్టుకోండి. నేను పైన రాసిన తకిట లెక్క కూడా రెండు వారాలే వాడి వదిలేయండి. ఎవే గురువులు చాలామంది లెక్కపెట్టనివ్వరు. అడుగుతో, పాటతో, పక్కనున్న డ్రమ్‌తో కలిపి వినమంటారు. వాళ్లు చెప్పేదే సరైన పద్ధతి.

ఒక సంఘటన చెప్తాను. మా గ్రూపులో ఒకసారి తబలా బాగా వచ్చిన అబ్బాయికి కగాను ఇచ్చారు. అదే సెమిస్టర్‌లో నర్సింగ్ చదివే ఒక అమ్మాయి చేరింది, అంతకుముందు ఏ వాయిద్యమూ ముట్టుకోలేదు. ఆమెకి గంట ఇచ్చారు. అబ్బాయి చేయి అద్భుతంగా ఉంది. ప్రతి కొన్ని ఆవర్తనాలకీ చిన్న తిహాయి (ఒకే ముక్కని మూడుసార్లు వాయించి ముగించడం) వేసి సమానికి (తాళం మొదటి దెబ్బకి) తెచ్చేవాడు, ఒక్కసారి కూడా లయ తప్పలేదు. అయినా అతను తిహాయి వేసిన ప్రతిసారీ ఎదురుగా ఆడుతున్నవాళ్ల భుజాలు ఆగిపోయేవి. మా లీడ్ డ్రమ్మర్ ఏమీ అనకుండా కర్రలు పక్కన పెట్టి అతన్ని లేపి డాన్సర్ల వరసలో నిలబెట్టారు, కగాను ఇంకొకరికి ఇచ్చారు. ఆ సాయంత్రమంతా అతను ఆడాడు. వీపు ముందుకీ వెనక్కీ కదిపే ఆ కదలిక కగాను "కిట" మీద ఎలా ఆనుకుని ఉంటుందో ఒంటికి తెలిసింది. తర్వాత వారం మళ్లీ కగాను దగ్గర కూర్చుంటే తిహాయి ఊసే లేదు. ఆ అమ్మాయి మాత్రం మొదటి నుంచీ గంటని గోడకి కొట్టిన మేకులా పట్టుకుంది. ఆ కచేరీలో నేను ఎవరి పక్కన నిలబడాలో ఎంచుకోమంటే ఆమె పక్కనే నిలబడతానన్నాను.

మిగతా రెండింటి గురించి క్లుప్తంగా. జెంబే మాలి, గినియా ప్రాంతపు మాండే జనానిది. అందరి కళ్లూ జెంబే సోలో మీదే ఉంటాయి. కానీ అది ఏ రిథమో గుర్తుపట్టేది కర్రలతో వాయించే మూడు డునున్‌ల వల్ల: కెన్‌కెని, సంగ్‌బాన్, డునున్‌బా. ఛాన్సొస్తే వాటిలో ఒకటి అడగండి. సాంబాలో సుర్దో అనే పెద్ద డ్రమ్ముల్లో అన్నిటికంటే మందంగా మోగేది రెండో దెబ్బ మీద పడుతుంది, మొదటి దెబ్బ మీద కాదు. సమం మీద బరువు వెతుక్కునే మన చెవికి అది తలకిందులుగా ఉంటుంది. కొన్ని రోజులు నడుస్తూ అనుకరిస్తే సర్దుకుంటుంది.

మీ మృదంగం ఎక్కడ పనికొస్తుంది? మొదటిది, నోటితో చెప్పి నేర్చుకునే అలవాటు. ఘనా గురువులూ నోటితో చెప్పే నేర్పుతారు, జపాన్ టైకోలో కూడా "డోన్, డోకో, కా" అంటూ పాఠం నడుస్తుంది. కాగితం చూడకుండా నేర్చుకోలేని అమెరికన్ విద్యార్థుల కంటే మీరు చాలా ముందుంటారు. రెండోది, తిశ్రం మీకు కొత్త కాదు. మూడోది, దెబ్బకీ దెబ్బకీ నాదంలో తేడా వినే చెవి. కిడి మీద కర్ర ఎగరనిచ్చే దెబ్బ, నొక్కిపెట్టే దెబ్బ అని రెండు ఉంటాయి. నెలలు పోయినా ఆ తేడా కొందరికి రాదు, మీకు రెండో రోజే వస్తుంది.

చేతుల విషయంలో మాత్రం మృదంగం కొంచెం అడ్డమే. మనం వేళ్లతో వాయిస్తాం, కొన్ని దెబ్బల్లో వేలిని మూత మీదే ఉంచేస్తాం. జెంబేలో చేయి తగిలిన వెంటనే పైకి రావాలి. మూడు దెబ్బలు: మధ్యలో అరచెయ్యంతా పడితే బేస్, అంచున వేళ్లు దగ్గరగా పెట్టి వేస్తే టోన్, అక్కడే వేళ్లు వదులుగా పెట్టి విసిరితే స్లాప్. స్లాప్ కోసం బలం పెట్టకండి, బలంతో వచ్చేది వాపే. ఉంగరాలు తీసేయండి. జెంబేని ముందుకి వంచి మోకాళ్ల మధ్య పట్టుకోవాలి, కింది నోరు నేలకి మూసుకుపోతే బేస్ బయటికి రాదు. మృదంగం సాధన మానకండి, కానీ జెంబే రిహార్సల్ అయిన రాత్రి గట్టిగా సాధన వద్దు, వేళ్లకి విశ్రాంతి ఇవ్వండి.

చెవుల సంగతి ఎవరూ చెప్పరు. మూసిన గదిలో పదిహేను జెంబేలు, సాంబా స్నేర్ డ్రమ్ములు మోగితే చెవికి హాని జరిగేంత శబ్దం వస్తుంది. సంగీతకారుల కోసం చేసే ఇయర్‌ప్లగ్‌లు చవకగానే దొరుకుతాయి. మొదటి రోజు నుంచే పెట్టుకోండి. తర్వాత చెవిలో మోత మొదలయ్యాక చేయగలిగింది పెద్దగా లేదు.

ఇక స్టేజి. రిహార్సల్ గదిలో బాగా కుదిరింది హాల్లో ఎందుకు జారుతుందంటే, ప్రతిధ్వని వల్ల గంట రెండుసార్లు వినపడుతుంది, ఉత్సాహంతో కాలం పరుగెడుతుంది. గంట కనిపించేచోట నిలబడండి. చెవి మోసపోయినా వాయించేవాళ్ల చేతి కదలిక మోసపోదు. గంట మీ చేతిలోనే ఉంటే లీడ్ కాళ్లు చూడండి, జనాన్ని కాదు. లీడ్ ఇచ్చే పిలుపులు, అంటే బ్రేకులు, అన్నీ నోటికి వచ్చి ఉండాలి. మొదలుపెట్టే పిలుపు కంటే ముగించే పిలుపు ముఖ్యం. ఇరవైమంది ఒకేసారి ఆగితేనే అది ముగింపు, ఒక్కరు మిగిలినా జనానికి అదే గుర్తుంటుంది. సాంబాలో ఈ పని విజిల్‌తో, చేతి సైగలతో జరుగుతుంది.

పాట, ఆట వద్దనకండి. "నేను డ్రమ్మర్‌ని, పాడను" అనే మాట ఈ సంగీతంలో చెల్లదు. లీడ్ పాడితే గ్రూపంతా బదులు పాడాలి, వాయిస్తూనే. ఎవే మాటలు పలికే తీరు గురువు నోటి నుంచే నేర్చుకోండి, పాట దేని గురించో, ఏ సందర్భంలో పాడతారో అడగండి. సంతాప సమయంలో పాడే పాట పాడుతూ మనం పళ్లికిలించి నిలబడితే, జనంలో ఆ ప్రాంతంవాళ్లు ఒక్కరున్నా బాధపడతారు. బట్టల సంగతి కూడా గురువు చెప్పినట్టే. ఎప్పుడైనా జావా గామెలాన్ కూడా మీ గ్రూపులో ఉంటే, చెప్పులు విప్పడం, వాయిద్యాన్ని దాటకపోవడం అక్కడి నియమాలు. ఆ విషయంలో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కార్యక్రమ పత్రంలో "ఆఫ్రికన్ డ్రమ్స్" అని వేసి ఊరుకుంటే ఊరుకోకండి. ఏ జనం, ఏ ప్రాంతం, ఏ నృత్యం, మీకు నేర్పిందెవరు, అన్నీ పడాలి. మన మృదంగాన్నీ డప్పునీ కలిపి "ఇండియన్ డ్రమ్" అంటే మనకెలా ఉంటుందో వాళ్లకీ అలాగే ఉంటుంది.

మరి మృదంగం ఎప్పుడు బయటికి తీయాలి? రెండో సెమిస్టర్‌లో, గురువే అడిగినప్పుడు. అగ్బాజా మధ్యలో దూర్చడానికి కాదు, ప్రత్యేకంగా ఒక అంశంగా. మృదంగానికి శ్రుతి ఉంది, నాదం సున్నితం. పది జెంబేల పక్కన పెడితే మైకు ఉన్నా మీటు, చాపు లాంటి దెబ్బలేవీ వినపడవు. పైగా ఇక్కడి చలికాలపు హీటర్ గాలికి తోలు బిగిసి శ్రుతి ఎక్కుతుంది, నల్ల ముద్దలో బీటలు వస్తాయి. దాన్ని బాగుచేసేవాళ్లు మీ ఊళ్లో ఉండరు. గ్రూపుతో కలిసి చేయాలంటే నా అనుభవంలో బాగా పండేది కొన్నక్కోల్, అంటే మృదంగం జతుల్ని నోటితో చెప్పడం. మొత్తం గ్రూపుకి ఆది తాళం వేయడం నేర్పి, చిన్న మోహరా, కోర్వై (ముగింపుకి తెచ్చే లయ ముక్కలు) నోటితో చెప్పించండి. అందరికీ నోరుంది, వాయిద్యాలు మార్చే పని లేదు, జనం లేచి నిలబడతారు.

ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. అమెరికాలోని వెస్లియన్ యూనివర్సిటీలో మృదంగ విద్వాంసుడు టి. రంగనాథన్ 1963లోనే అమెరికన్ విద్యార్థులకి మృదంగం నేర్పడం మొదలుపెట్టారు. మరో మృదంగ విద్వాంసుడు తిరుచ్చి శంకరన్ 1971 నుంచి టొరంటోలోని యార్క్ యూనివర్సిటీలో నేర్పారు. 1991లో వచ్చిన ప్లానెట్ డ్రమ్ ఆల్బమ్‌లో తబలా జాకీర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయకరామ్, నైజీరియా డ్రమ్మర్ బాబతుండే ఒలటుంజి కలిసి వాయించారు. అది విని "మేమూ అలా కలిపేస్తాం" అంటారు కొత్తవాళ్లు. వాళ్లు ఎవరి సంప్రదాయంలో వాళ్లు పండిపోయాక కలిశారు. మీరు ఇంకా వాళ్ల గంట పట్టుకోవడం నేర్చుకుంటున్నారు. తొందర వద్దు.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యమైనది. తెలుగునేల నుంచి ఇలాంటి గ్రూపుకి సహజంగా సరిపోయేది మృదంగం కాదు, డప్పు. ఆరుబయట వినిపించే గొంతు, అందరూ కలిసి వాయించడం, వాయిస్తూనే అడుగెయ్యడం, ఒకరు దరువు మారిస్తే మిగతావాళ్లు అందుకోవడం, ఇవన్నీ డప్పులో ముందే ఉన్నాయి. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల, వాటి రెండు శబ్దాల మధ్య సంభాషణ విన్న మా ఘనా గురువు, ఇది మీ దగ్గరుండగా నా దగ్గరికెందుకొచ్చారని నిజంగానే అడిగారు. ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లలు జెంబే నేర్చుకుంటే గొప్పగా చెప్పుకుంటారు. డప్పు నేర్పిద్దామంటే చాలామంది ముఖం తిప్పుకుంటారు. కారణం కులమని అందరికీ తెలుసు. ఆఫ్రికా వాళ్ల డ్రమ్‌ని గౌరవించే మనం, మన ఊళ్లో తరతరాలుగా డప్పు కొట్టిన మాదిగ, మాల కళాకారుల విద్యని కూడా అంతే గౌరవంతో, వాళ్ల పేరు చెప్పి, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఒక నెల నేర్చుకుని రండి. తోలు డప్పుని మంట దగ్గర కాచి బిగించాలి, ఇక్కడ హాళ్లలో మంట కుదరదు కాబట్టి ఎండలో పెట్టడమో, హెయిర్ డ్రైయర్ వాడడమో చేస్తాం. ఫైబర్ డప్పులూ దొరుకుతాయి, శబ్దం అంత నిండుగా ఉండదు.

మీరు అడగని విషయం ఒకటి. ఎన్‌సెంబుల్ బాగా వాయిస్తే బయట పెళ్లిళ్లకీ, ఫెస్టివల్స్‌కీ పిలుస్తారు, డబ్బిస్తారు. మీరు ఎఫ్-1 వీసా మీద ఉంటే అనుమతి లేకుండా బయట డబ్బు తీసుకుని వాయించొద్దు, అది ఉద్యోగం కిందికే రావచ్చు. చెక్కు ముట్టుకునే ముందు మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగండి. క్రెడిట్ కోసం క్యాంపస్ కచేరీలో వాయించడానికి ఏ ఇబ్బందీ లేదు.

వాయిద్యం ఇప్పుడే ఏదీ కొనకండి, గ్రూపువి వాడుకోవచ్చు. కొనితీరాలనిపిస్తే జెంబే కాదు, గంట కొనండి. అపార్ట్‌మెంట్‌లో దాన్ని గుడ్డలో చుట్టి కొడితే పక్కింటివాళ్లు ఏమీ అనరు. ఈ సెమిస్టర్ ఏ పీసులు చేస్తున్నారో తెలిశాక కింద రాయండి. అగ్బాజా కాకుండా గాహు అనే ఇంకో ఎవే నృత్యం అయితే దాని గంట వేరు, పదహారు అక్షరాల్లో 3+3+4+4+2. దానికి అడుగెలా వేయాలో విడిగా రాస్తాను.